మూడో బీరువా కొనుక్కోవచ్చా?

బాబూ, మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి దాని సారాంశం నా మాటల్లో చెప్పి మొదలుపెడతాను. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీది వాటాలో అద్దెకు ఉంటున్నారు. పెళ్లయి ఏడాది నిండలేదు. రెండు బీరువాలు నిండిపోయి పుస్తకాలు మంచం కిందికి దిగాయి, కిటికీ గట్టు ఎక్కాయి, చివరికి ఫ్రిజ్ నెత్తిన కూర్చున్నాయి. మూడో బీరువా మాట ఎత్తగానే మీ ఆవిడ "ఉన్నవన్నీ చదివేశారా?" అని అడిగింది. మీరు నీళ్లు నమిలారు. పైగా పట్టుకెళ్లినవాళ్లు తిరిగి ఇవ్వరు, కిటికీ దగ్గరివి వానకు తడిశాయి, పాత నవలల్లో ఏవో పురుగులు కనిపిస్తున్నాయి. "ఇది జబ్బా? దీనికి మందుందా?" అని ముగించారు.

నేను విజయవాడ ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దుతూ ఉద్యోగ జీవితం గడిపినదాన్ని. పుస్తకం పుట్టకముందు నుంచి అట్టలూడి తూకానికి వెళ్లేదాకా దాని అవస్థలన్నీ చూశాను. పురుగులకు, తడికి, బీరువాకు నా దగ్గర జవాబులున్నాయి. జబ్బుకు మాత్రం లేదు. మా ఇంటికి వచ్చి చూస్తే మీరే నాకు సలహా చెప్పి వెళ్తారు.

ముందు మీ ఆవిడ ప్రశ్న. దానికి ఒకటే జవాబు: "లేదు, చదవలేదు." తల దించుకోకుండా చెప్పండి. పుస్తకం కొనడం ఒక సరదా, ఇంట్లో ఉంచుకోవడం మరో సరదా, చదవడం ఇంకో సరదా. ఉన్నవి చదివేదాకా కొత్తవి కొననని ఒట్టు పెట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. కొత్త పుస్తకం వాసన తగలగానే ఆ ఒట్టు గట్టు మీద పెట్టేశారు. జాడీ నిండా ఆవకాయ పెట్టుకున్న ఇంటికి వెళ్లి "ఇదంతా తినేశారా?" అని ఎవరూ అడగరు కదా! పుస్తకాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం గుమ్మంలో చెప్పులు విడవకముందే ప్రతి చుట్టమూ అదే ప్రశ్న వేస్తాడు.

జ్వరం వచ్చిన రోజు ఒక పుస్తకం కావాలనిపిస్తుంది, కరెంటు పోయిన రాత్రి ఇంకొకటి. పాతికేళ్ల వయసులో రెండు పేజీలు చదివి విసుగొచ్చి మూసేసిన పుస్తకం నలభై దాటాక తెరిస్తే మన కోసమే రాసినట్టుంటుంది. అప్పటిదాకా అది ఇంట్లో ఉంటేనే కదా తెరవడం! తెలుగు పుస్తకాలకైతే మరో లెక్క కూడా ఉంది. టైటిల్ వెనక పేజీ చూడండి. "ప్రతులు: 1000" అని ఉంటుంది, ఈ మధ్య 500 అని కూడా వేస్తున్నారు. ఆ వెయ్యీ అమ్ముడుపోయాక మళ్లీ అచ్చవుతుందన్న భరోసా లేదు. రచయిత పోయాక వారసులకు ఆసక్తి ఉండాలి, ప్రచురణకర్త దగ్గర డబ్బు ఉండాలి, పాత ప్రతి ఒకటైనా ఎక్కడో దొరకాలి. మూడూ కలిసిరావడం అరుదు. "తర్వాత కొందాంలే" అనుకున్నవాళ్లు తర్వాత వెతుకుతారు, అంతే. కాబట్టి చదవడానికి తీరిక లేకపోయినా కనబడినప్పుడు కొని పెట్టుకోవడం దుబారా కాదు. మీ ఆవిడకు ఈ మాట నా పేరు మీదే చెప్పండి, మీ మాటగా చెబితే నమ్మదు.

జబ్బా అన్నారు. మన కృష్ణా, గుంటూరు ప్రాంతంలో ఈ జబ్బుకు వందేళ్లు పైబడ్డాయి. బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో పుట్టింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ ఊళ్లోనే ఏర్పడింది. దాని వెనక పరుగులు పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు అప్పటికి పాతికేళ్ల లోపు కుర్రవాడు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నాటిది. ఇక పాతూరి నాగభూషణం గారున్నారు. చదివేవాళ్లు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలని 1935లో పడవలో గ్రంథాలయం పెట్టి కాలువ వెంట ఊరూరా తిప్పించారు. మీ ఊళ్లోనే, బృందావన్ గార్డెన్స్‌లో, అన్నమయ్య గ్రంథాలయం ఉంది. లంకా సూర్యనారాయణ గారనే ఒక్క మనిషి ఏళ్ల తరబడి సేకరించిన పుస్తకాలు దానికి ఆధారం. ఒక ఆదివారం మీ ఆవిడను అక్కడికి తీసుకెళ్లండి. తిరిగొచ్చాక మీ రెండు బీరువాలు ఆమె కంటికి ఆనవు. జబ్బనిపించుకోవాలంటే మీరింకా చాలా ఎదగాలి.

పాత పుస్తకాల వేట గురించి రెండు ముక్కలే అడిగారు గాని, నాకు నోరూరే విషయం ఇదే.

మీరు బెజవాడ వచ్చినప్పుడల్లా ఏలూరు రోడ్డు మీద కొత్త పుస్తకాల షాపులు చూసుకుని లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల వైపు మళ్లుతానన్నారు. మంచి దారే. అయితే అక్కడ బేరమాడటానికి నోటికన్నా ముఖాన్ని అదుపులో పెట్టుకోవడం అవసరం. పుస్తకాల వాళ్లు పుస్తకం చూడరు, మన ముఖం చూస్తారు. మీరు కుప్పలో చెయ్యి పెట్టి ఎన్నాళ్లుగానో వెతుకుతున్న పుస్తకం బయటికి లాగారనుకోండి. ఆ క్షణంలో మీ కనుబొమలు ఒక్క పిసరు పైకి లేస్తే దాని వెల రెట్టింపు. నాకు తెలిసిన ఒక మాస్టారు దీనికి ఉపాయం పన్నారు. కావలసిన పుస్తకాన్ని రెండు అక్కర్లేని గైడ్ల మధ్య పెట్టి, మూడూ కలిపి చూపించి, పైదాని వెల అడిగి, కిందిదాన్ని తిరగేసి, పెదవి విరిచి, "సరే, మధ్యది ఎంత?" అనేవారు. షాపతను తలెత్తకుండానే "మధ్యది మూడొందలు, పైదీ కిందిదీ ఊరికే తీసుకెళ్లండి మాస్టారూ" అన్నాడు. అప్పటి నుంచి మాస్టారు దొరికిన పుస్తకాన్ని గుండెలకు హత్తుకునే వెల అడిగేవారు. నా సలహా కూడా అదే. పుస్తకాన్ని ప్రేమించేవాళ్లకు నటన రాదు. ఓ యాభై ఎక్కువిచ్చినా ఆ షాపతను మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు, రేపు అలాంటిది ఇంకోటి వస్తే పక్కన పెట్టి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ముందు యాభై రూపాయలు ఒక లెక్కా?

పాత పుస్తకం కొనేటప్పుడు ఒక పని మాత్రం మరవకండి. డెమ్మీ సైజు పుస్తకాన్ని సాధారణంగా ఫారానికి, అంటే అచ్చేసి మడిచే ఒక్కో పెద్ద కాగితానికి, 16 పేజీల చొప్పున అచ్చు వేస్తారు. పాత పుస్తకాల్లో ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున, ఓ మూలగా, చిన్న అంకె ఉంటుంది. బైండరు ఆ అంకెల వరస చూసుకునే ఫారాలు పేర్చేవాడు. పేర్చేది మధ్యాహ్నం భోజనం తర్వాతైతే ఒక ఫారం రెండుసార్లు పడవచ్చు, ఒకటి అసలు పడకపోవచ్చు. డిటెక్టివ్ నవల 96వ పేజీలో "తలుపు మెల్లగా తెరుచుకుంది. అక్కడ నిలబడి ఉన్నది" అని ఆగి, 113వ పేజీలో "అందరూ కాఫీలు తాగారు" అని మొదలైతే ఏడో ఫారం ఎగిరిపోయిందని అర్థం. షాపులోనే ఆ అంకెలు ఒకసారి తిప్పి చూసుకోండి, రెండు నిమిషాల పని. లేదంటే తలుపు దగ్గర నిలబడ్డది ఎవరో మీకు ఈ జన్మకు తెలియదు.

పుస్తకం కన్నా దాని లోపల దొరికేవి ఒక్కోసారి రుచిగా ఉంటాయి. ఎండిపోయిన మల్లెలు, బస్సు టికెట్టు, కిరాణా పద్దు, పదో తరగతి హాల్ టికెట్టు, పిల్లలు పెడుతుందని ఎవరో దాచిన నెమలీక. రచయిత స్వహస్తాలతో "ఆత్మీయ మిత్రునికి" అని రాసి ఇచ్చిన ప్రతి, పేజీలు కూడా కోయకుండా, తూకానికి వచ్చిన దాఖలాలు ఎన్నో. మీరు దాన్ని కొన్న సంగతి ఆ రచయితకు ఎన్నడూ చెప్పకండి.

వీటన్నిటి కన్నా నాకు ఇష్టమైనవి వారపత్రికల సీరియల్ బైండ్లు. వెనకటి తరం ఆడవాళ్లు వారం వారం సీరియల్ పేజీలు చింపి, దాచి, సీరియల్ అయిపోయాక దారంతో కుట్టించి కాలికో అట్ట వేయించేవారు. అద్దె పుస్తకాల షాపుల్లో ఇవి ఇంటింటికీ తిరిగేవి. ఒక కాలమ్‌లో కథానాయిక వెక్కి వెక్కి ఏడుస్తుంటే పక్క కాలమ్‌లో తలనూనె ప్రకటన నవ్వుతుంటుంది. పేజీ తిప్పితే సగం తెగిన వారఫలాలు. నా దగ్గరున్న ఒక బైండులో ఒక వారం పేజీలు లేవు. ఆ చోట రూళ్ల కాగితం ఒకటి అతికించి, గుండ్రటి చేతిరాతతో ఎవరో ఇల్లాలు ఇలా రాసింది: "ఈ వారం సంచిక రాలేదు. పక్కింటివారు చెప్పిన ప్రకారం సుధ ఉత్తరం చదివి మూర్ఛపోయినది. మూర్ఛ నుంచి తేరుకున్నదీ లేనిదీ వారికి గుర్తు లేదు." మొత్తం సీరియల్‌లో అంత మంచి వాక్యం రచయిత్రి కూడా రాయలేదని నా అభిప్రాయం.

పాత పుస్తకం వాసన గురించి కూడా అడిగారు, అదేమైనా ఆరోగ్యానికి చెరుపా అని. చౌక కాగితంలో లిగ్నిన్ అనే కలప పదార్థం ఎక్కువ. గాలికి, వెలుతురుకు ఏళ్ల తరబడి అది విరిగిపోతూ కాగితాన్ని పసుపురంగుకు తిప్పుతుంది, ఆ క్రమంలో వెనిల్లా వాసన నిచ్చే వెనిలిన్ లాంటివి గాల్లో కలుస్తాయి. ఆ తియ్యటి వాసనను హాయిగా పీల్చుకోండి. బూజు వాసన వేరు. ముక్కు దురద, తుమ్ములు వస్తే మాత్రం ఆ పుస్తకాన్ని మిగతావాటికి దూరంగా పెట్టండి.

ఇక సంక్రాంతి గండం గురించి మీకు ఇంకా అనుభవం లేదు కాబట్టి ముందే హెచ్చరిస్తున్నాను. విజయవాడ పుస్తక మహోత్సవం 1989లో మొదలైంది. ఏటా దాదాపు కొత్త సంవత్సరం వేళకే తలుపులు తెరిచి, పదీ పదకొండు రోజులు సాగుతుంది. మేమంతా పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అని పిలిచే స్వరాజ్య మైదానంలో చాలాకాలం జరిగేది. ఇప్పుడక్కడ అంబేడ్కర్ విగ్రహం, స్మృతివనం వెలిశాయి, పుస్తకాలు వేరే చోట కొలువుతీరుతున్నాయి. చోటు మారినా దుమ్ము మారలేదు, జనం మారలేదు, పది శాతం తగ్గింపు మారలేదు. ఆ పది శాతం ఉందే, అది మహా మాయ. యాభై రూపాయలు మిగిలాయన్న సంతోషంలో అయిదొందల పుస్తకం ఇంకోటి కొంటాం. చివరికి రెండు చేతులా సంచులతో గుంటూరు బస్సెక్కుతాం. అంతవరకు బాగానే ఉంటుంది. గండం తర్వాత ఉంది. మహోత్సవం ముగిసిన కొద్ది రోజులకే భోగి!

అంటే ఇంటికి కొత్త పుస్తకాలు వచ్చిపడ్డ వారంలోనే, ఇంట్లోని పాతసామానంతా మంటలో వెయ్యాలన్న ఆచారం గుర్తొస్తుంది. కొత్తవాటికి చోటు చేయాలన్న వాదన కూడా ఇంట్లోవాళ్లకు సిద్ధంగా దొరుకుతుంది. మా అత్తగారు తెల్లవారుజామున నాలుగింటికి విరిగిన కుర్చీ కాలు, చిరిగిన చాప పట్టుకుని, దారిలో నా పాత పత్రికల కట్ట దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. ఏమీ అనేవారు కాదు. ఆ ఆగడమే నాకు చాలు, ఏటా భోగినాడు అందరికన్నా ముందు లేచి ఆ కట్ట మీద కూర్చునే కాఫీ తాగేదాన్ని. మీరు కూడా పండుగకు అత్తవారింటికి వెళ్లే ముందు బీరువా తాళం చెవి వెంట తీసుకెళ్లండి.

కొత్త పుస్తకాలను ఇంట్లోకి చేర్చడంలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. మా ప్రెస్సులో పనిచేసినాయన గోంగూర కట్టల కింద పెట్టి తెచ్చేవారు. ఆ పుస్తకాలన్నిటికీ అట్ట మీద ఎర్రమట్టి మరకలుండేవి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ నేరుగా మీ ఆవిడ చేతికే వస్తుంది కాబట్టి దాపరికం కుదరదు. కుదరకపోవడమే మంచిది. పైగా పుస్తకం దాచి తెచ్చేవాడు దాన్ని దాచే చదవాలి. నవ్వొచ్చిన చోట పక్కవాళ్లకు చదివి వినిపించే సుఖం పోతుంది.

నేల మీద పేర్చిన దొంతరల సంగతి మీరు రాయలేదు గాని, మంచం కింద ఉన్నాయంటే నేల మీద కూడా ఉండే ఉంటాయి. వాటిని ముందు పైకెత్తండి. పుస్తకానికి కాలు తగిలితే వంగి తాకి కళ్లకద్దుకునే అలవాటు మనది. మా ఆయన రాత్రి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేలోపు మూడు చోట్ల వంగి లేస్తారు. "దుర్గమ్మ కొండ ఎక్కినా ఇన్ని దండాలు పెట్టను" అని ఆయన ఫిర్యాదు. ఆయన నడుము నొప్పికి మూలకారణం సాహిత్యమేనని డాక్టరుకు కూడా చెప్పారు. దసరాల్లో మూలా నక్షత్రం నాడు, కొండ మీద అమ్మవారికి సరస్వతీ అలంకారం చేసే రోజు, ఇళ్లలో పుస్తకాలు పూజలో పెడతారు కదా. పూజలో పెట్టినవి ఆ రోజు ముట్టకూడదని మా ఇంట్లో నియమం. చిన్నప్పుడు మేం అందుకే లెక్కల పుస్తకం అందరికన్నా ముందు తెచ్చి పెట్టేవాళ్లం. ఇప్పుడు సగంలో ఉన్న నవలను దిండు కింద దాచి, నిఘంటువును పంపిస్తున్నాను. అమ్మవారికి నిఘంటువు కన్నా నవలే ఇష్టమేమో, ఎవరికి తెలుసు.

నా వృత్తి వల్ల వచ్చిన ఒక బాధ కూడా చెప్పాలి, ఎందుకంటే కాస్త చదువరులైనవారికి ఇది అంటుకుంటుంది. అచ్చులో ఉన్నదేదీ మామూలుగా చదవలేం. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్లు శుభలేఖ చేతిలో పెట్టగానే మన చెయ్యి కలం కోసం తడుముకుంటుంది. కొమ్ము ఊడిపోయి వధూవరులు "వధ వరులు" అయిన శుభలేఖను నేను కళ్లారా చూశాను. చెప్పానా? చెప్పలేదు, అప్పటికే వెయ్యి పంచేశారు. తప్పొప్పుల పట్టికలోనే అచ్చుతప్పులున్న పుస్తకాలూ ఉన్నాయి. ఇక ముందుమాటలు! తెలుగు కవితా సంపుటి తెరిస్తే ప్రచురణకర్త మాట, పెద్దల ఆశీస్సు, మిత్రుడి అభినందన, ఇంకో మిత్రుడి విశ్లేషణ, చివరికి కవిగారి "నా మాట". అన్నీ దాటుకుని కవిత దగ్గరకు చేరేసరికి పుస్తకంలో మూడోవంతు అయిపోతుంది. ప్రూఫులు దిద్దే మనిషిగా అవన్నీ చదవక తప్పలేదు. మీకు ఆ ఖర్మ లేదు, దాటేయండి. పుస్తకం నచ్చితే తర్వాత వెనక్కి వచ్చి చదవండి, అప్పుడు కొన్ని నిజంగానే బాగుంటాయి.

పట్టుకెళ్లినవాళ్ల సంగతి. తాళపత్రాలు రాసిన లేఖకులు చివరి ఆకు మీద తరచు ఒక శ్లోకం రాసేవారు: "తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకమ్." నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, కట్టు వదులవకుండా చూడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే మొరపెట్టుకుంటోంది. ఎన్ని వందల ఏళ్లు గడిచినా ఈ నాలుగు శత్రువుల్లో ఒక్కటీ తగ్గలేదు చూడండి. మూర్ఖుడని నేననను, మరచిపోయేవాడు అంటాను. ఎరువిచ్చిన పుస్తకం తిరిగి రాకపోవడానికి నూటికి తొంభై పాళ్లు దురుద్దేశం కాదు, సిగ్గు. చదవకుండా తిరిగివ్వడం ఎలా అని మొదటి నెల ఉంచుకుంటారు, ఇన్నాళ్లయ్యాక ఏ ముఖంతో ఇవ్వాలని తర్వాత ఏడాది. కాబట్టి "చదివావా?" అని అడగకండి. "అందులో ఒక పేజీ చూసుకోవాలి, రెండు రోజులు ఇచ్చి మళ్లీ తీసుకో" అనండి. గౌరవంగా వచ్చేస్తుంది. ఇచ్చేటప్పుడు పుస్తకం పట్టుకున్న మనిషిని ఫోన్‌లో ఫోటో తీయండి. మూడు నెలల తర్వాత వాళ్ల పుట్టినరోజుకు ఆ ఫోటోతో శుభాకాంక్షలు పంపితే అర్థం చేసుకుంటారు. గ్రంథాలయాల్లో మొదటి పేజీ కాకుండా లోపల ఏదో ఒక నిర్ణీత పేజీలో కూడా ముద్ర వేసే పద్ధతి ఉంది. మీరూ ఒక అంకె అనుకుని ప్రతి పుస్తకంలో ఆ పేజీ అంచున పెన్సిల్‌తో పొడి అక్షరాలు రాసుకోండి. మళ్లీ దొరకదనుకున్నది మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, ఇంటికొచ్చి చదువుకోమనండి, టీ మీరే పోయండి. అన్నట్టు, మీ బీరువాల్లో కూడా ఇతరుల పేర్లున్న పుస్తకాలు ఉండే ఉంటాయి. ముందవి తిరిగిచ్చేస్తే కొంత చోటు దొరుకుతుంది.

నూనె అంటే మన దగ్గర పునుగులు. అంతకన్నా వివరించను.

తడి సంగతి శ్రద్ధగా వినండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు చాలామంది తడిసిన పుస్తకాలను మండుటెండలో పరిచారు. ఎండలో కాగితం వంకర్లు పోతుంది, అట్ట విరుచుకుంటుంది. పుస్తకాన్ని నిలువుగా, ఆకులు కొద్దిగా విచ్చుకునేలా నిలబెట్టి ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. మధ్య మధ్య పీల్చుకునే తెల్లకాగితాలు పెట్టి, తడవగానే మార్చాలి. బాగా నానిన ఆకుల్ని బలవంతంగా విడదీయకూడదు. నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకాలకు తొందర ఎక్కువ. తడి మీద ఉండగానే ప్రతి ఆకు మధ్య కాగితం పెట్టకపోతే ఆరాక ఇటుకలా గడ్డకట్టిపోతాయి, ఇక విడదీయలేం. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. అన్నిటినీ ఒకేసారి ఆరబెట్టే చోటు లేకపోతే కొన్నిటిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి. గడ్డకట్టి ఉన్నన్నాళ్లు బూజు పెరగదు, తీరిక దొరికాక ఒక్కొక్కటి తీసి ఆరబెట్టుకోవచ్చు. ఐసు ముక్కల కోసం ఫ్రీజర్ తెరిచిన చుట్టాలకు కథల సంపుటి కనబడితే కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచండి. ఆరడం పూర్తి కావస్తున్నప్పుడు పైన బరువు పెడితే తిన్నగా సర్దుకుంటాయి.

మీరు చూసిన వెండి రంగు పురుగులు రామబాణాలు. గంజి, జిగురు వాటికి విందుభోజనం. మైదా జిగురుతో బైండు చేసిన పాతవాటినే అవి ముందు పడతాయి. అందుకే తెలివైన బైండర్లు మైదా ఉడికించేటప్పుడు చిటికెడు మైలతుత్తం కలిపేవారు. పురుగు పట్టిన పుస్తకాన్ని దులిపి, మెత్తటి బ్రష్షుతో తుడిచి, గాలి చొరని కవర్లో కట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచితే చస్తాయి. మళ్లీ ఫ్రీజరే, ఏం చేస్తాం. వేపాకు పెట్టమని అందరూ చెబుతారు. పచ్చి ఆకు పెడితే తేమ చేరుతుంది, పూర్తిగా ఎండినదైతే ఫరవాలేదు. నా మటుకు నేను వేపాకు కన్నా నెలకోసారి బీరువా తలుపులు తెరిచి పుస్తకాలు కదిలించడాన్నే నమ్ముతాను. కలరా ఉండలు పెట్టేవారైతే ఆ గాలి పీల్చడం మంచిది కాదని, ముఖ్యంగా ఇంట్లో పసిపిల్లలుంటే అసలు వాడకూడదని గుర్తుంచుకోండి. గోడ మీద సన్నటి మట్టి గీత కనబడితే అది చెద. దానికి ఇంటి చిట్కాలు పనిచేయవు, ఆ రోజే ఇంటి ఓనరుకు చెప్పి మందు కొట్టించండి.

చిరిగిన పేజీలకు సెల్లోటేపు మాత్రం అంటించకండి. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, పసుపు మరక మిగిలిపోతుంది.

కాబట్టి మూడో బీరువా కొనండి. కొనే ముందు కొలతలు. పుస్తకాల బరువు మనం అనుకునే దానికన్నా ఎక్కువ, మూడడుగుల అర నిండా పేరిస్తే ముప్పై కిలోల దాకా తూగవచ్చు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయించినా అర పొడవు రెండున్నర అడుగులు మించకుండా చూసుకుంటే మధ్యలో కుంగదు. వాన కొట్టే బయటి గోడకు ఆనించకుండా రెండంగుళాలు ఎడంగా నిలబెట్టండి. బరువైన నిఘంటువులు, సంపుటాలు కింది అరలో. మరీ బిగించి పేర్చకండి. తీసేటప్పుడు వెన్ను పైకొసను వేలితో లాగితే అక్కడే చిరుగుతుంది. రెండు పక్కల ఉన్నవాటిని కాస్త లోపలికి నెట్టి, మధ్యదాన్ని నడుము దగ్గర పట్టుకుని తీయాలి. ఇది మీ ఆవిడకు కూడా చూపించండి, ఒక అర పూర్తిగా ఆమెకే ఇవ్వండి. అందులో ఆమె పుస్తకాలే పెడుతుందో, చీరలే పెడుతుందో అడగవద్దు.

ఇంకొక్క సంగతి. మేడ మీది వాటా అన్నారు కాబట్టి డబ్బు కట్టే ముందు మెట్ల మలుపు వెడల్పు కూడా టేపుతో కొలుచుకోండి. బీరువా ఆ మలుపు తిరగకపోతే కింది వాటావాళ్ల వరండాలోనే ఉండిపోతుంది, రెండు రోజుల్లో దాని నిండా వాళ్ల చెప్పులు చేరతాయి.